శ్రమకాలపు ఉపవాసాలు, ఆల్‌నైట్ ప్రార్థనలు: లిథియం వాడే సహోదరుడి సంగతేంటి?

కోనసీమ సంఘపెద్ద:

అందరికీ వందనాలండీ. భస్మ బుధవారం దగ్గరికొస్తోంది. ఈలోపు ఒక విషయం తేల్చుకోవాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

మా సంఘంలో ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ ఉపవాస కూడికలుంటాయి. ఎక్కువమంది సాయంత్రం ఆరింటిదాకా ఏమీ తినరు, కొందరు మంచినీళ్లు కూడా ముట్టరు. శుక్రవారం శుక్రవారం రాత్రి పదింటి నుంచి తెల్లవారుజాము నాలుగింటిదాకా ఆల్‌నైట్ ప్రార్థన. శ్రమల వారంలో యవ్వనస్థులు మూడు రోజులు ఎస్తేరు ఉపవాసం చేస్తారు. అంటే అన్నమూ లేదు, నీళ్లూ లేవు.

ఒక సహోదరుడున్నాడు, ముప్పై దాటాయి. బైపోలార్ (మనసు ఒకసారి మరీ హుషారుకూ, ఒకసారి మరీ దిగులుకూ పోయే జబ్బు) అని డాక్టర్లు చెప్పారు. దానికి రాత్రిపూట లిథియం 900 మి.గ్రా., ఒలాంజపిన్ 5 మి.గ్రా. వేసుకుంటాడు. చాలాకాలంగా నిలకడగా ఉన్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈసారి అందరితోపాటు నలభై రోజులూ పూర్తిగా ఉంటానంటున్నాడు. వాళ్లమ్మగారేమో, ఉపవాసంలో ఉండగా బిళ్లలెందుకు, ఈ నలభై రోజులూ ఆపితే దేవుడే చూసుకుంటాడు అంటున్నారు. అయ్యగారు అవుననలేదు, కాదనలేదు. కనుక్కుని చెప్పమన్నారు.

అతను ఉపవాసం ఉండొచ్చా, ఉంటే ఎలా? రాత్రి ప్రార్థనలకు రావొచ్చా? వద్దని చెప్పాల్సి వస్తే, నలుగురిలో అతన్ని చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలి? వాదన కోసం అడగట్లేదండీ, చేయాల్సింది చెప్పండి చాలు.

వార్డు ఫార్మసిస్ట్ (సైకియాట్రీ):

లిథియం ఆపొద్దు. నీళ్లు లేని ఉపవాసం వద్దు. ఈ రెండింటి దగ్గర బేరం లేదు, మిగతావి అతని డాక్టరుతో మాట్లాడుకోవచ్చు.

లిథియాన్ని లివర్ ఏమీ చేయదు. మింగినది మింగినట్టే కిడ్నీల గుండా బయటికి పోవాలి. కిడ్నీ దాన్ని దాదాపు సోడియంలాగే చూస్తుంది. ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గినప్పుడు కిడ్నీ ఉప్పును వదలకుండా వెనక్కి తీసుకుంటుంది, దాంతోపాటు లిథియాన్నీ తీసేసుకుంటుంది. బిళ్లల లెక్క మారకుండానే రక్తంలో మందు పెరుగుతుందన్నమాట. ఉండాల్సింది లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్, కొందరికి 1.0 దాకా. 1.5 దాటితే విషప్రభావం. పెద్దవయసు వాళ్లకు అంతకన్నా తక్కువలోనే మొదలవుతుంది. చూశారుగా, మందుకీ విషానికీ మధ్య ఎడం ఎంత చిన్నదో.

శ్రమకాలం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడుతుంది. కోనసీమలో ఆ ఎండా, ఆ ఉక్కా మీకు చెప్పక్కర్లేదు. చెమటలో నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. దానికి తోడు సాయంత్రందాకా నీళ్లు ముట్టకపోవడం, కొందరు ఉపవాసమని చప్పిడి తినడం. మూడూ కలిస్తే స్థాయి కొద్దిరోజుల్లోనే పైకి పోవచ్చు. ఎస్తేరు ఉపవాసం లిథియం వాడేవాళ్లకు అస్సలు పనికిరాదు.

స్థాయి పెరుగుతున్నప్పుడు కనిపించేవి: చేతుల వణుకు మామూలుకన్నా పెద్దదవుతుంది, గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేంత. వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, మగత. ఇక్కడే సంఘాల్లో పొరపాటు పడతారు. ఉపవాసంలో నీరసం అనో, ఆత్మలో ఉన్నాడనో అనుకుని వదిలేస్తారు. వాంతులకు విరేచనాలు తోడైతే ఇంకా నీళ్లు పోయి స్థాయి ఇంకా పెరుగుతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ఆ రాత్రి లిథియం వేయకుండా నేరుగా క్యాజువాల్టీకి తీసుకెళ్లాలి. ఆపొద్దు అని పైన అన్నదానికి ఇదొక్కటే మినహాయింపు. అక్కడ మొదటి మాటగా "లిథియం వాడుతున్నాడు" అని చెప్పండి, బిళ్లల షీటు చూపించండి. లిథియం స్థాయి, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పేది), సోడియం పరీక్షలు చేస్తారు, సెలైన్ పెడతారు. మరీ ఎక్కువైతే డయాలసిస్ పడుతుంది.

పరీక్ష గురించి. భస్మ బుధవారానికి వారం ముందు ఒకసారి, ఉపవాసం మొదలైన ఏడెనిమిది రోజులకు మరోసారి చేయించమని డాక్టరును అడగండి. రక్తం ఇవ్వాల్సింది చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు. రాత్రి తొమ్మిదికి బిళ్ల వేసుకుంటే పొద్దున తొమ్మిదికి. ఏడింటికో పదకొండింటికో ఇస్తే వచ్చే అంకెకు అర్థం మారిపోతుంది. ఇంకో చిక్కుంది: ల్యాబుల్లో ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నిట్లో లిథియం హెపారిన్ ఉంటుంది. దాంట్లో తీస్తే ఆ ట్యూబులోని లిథియమే కలిసి స్థాయి లేనిపోని ఎత్తుకు చూపిస్తుంది. చిన్న ల్యాబ్ అయితే ఒక మాట చెప్పడం మంచిది.

మోకాళ్ల మీద గంటల తరబడి ఉన్నాక నడుం నొప్పి అని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి వేసుకుంటారు. ఇవి లిథియాన్ని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బిళ్లలు వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

ఇక వాళ్లమ్మగారి మాట. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు పాతచోటికి వెళ్లి ఆగదు. ఆపిన కొన్ని వారాల్లోనే మేనియా (హుషారు, వేగం అదుపు తప్పే దశ) ఎగదన్నే ప్రమాదం, నెమ్మదిగా తగ్గించినప్పటికన్నా చాలా ఎక్కువ. ఆత్మహత్య ప్రమాదం కూడా పెరుగుతుంది. నిజంగా ఆపాల్సి వచ్చినా డాక్టరు కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలలు పట్టి తగ్గిస్తారు. నలభై రోజులు ఆపి ఈస్టర్ నాడు మళ్లీ మొదలెడదాం అనేది ఈ మందుతో కుదరదు.

మరి ఏ ఉపవాసం కుదురుతుంది? డాక్టరు ఒప్పుకుంటే మధ్యాహ్న భోజనం ఒక్కటి మానేయడం, లేదా కాయగూరలు, పప్పు, పండ్లతో దానియేలు ఉపవాసం. రెండింట్లోనూ రోజంతా కలిపి రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు, పగలంతా కొద్దికొద్దిగా. ఉప్పు రోజూ తినేంతే తినాలి. తగ్గిస్తే స్థాయి పెరుగుతుంది, ఉపవాసం విరిచాక ఆవకాయ, ఎండుచేపలతో ఒక్కసారిగా పెంచితే తగ్గుతుంది. అతను రాత్రి ఒకేసారి వేసుకుంటున్నాడు కాబట్టి పగటి ఉపవాసానికీ బిళ్లకూ గొడవే లేదు. ఆరింటికి భోంచేసి తొమ్మిదికి వేసుకోవచ్చు.

యెహోవా రాఫా:

ఇన్ని లెక్కలా? స్వస్థపరచే దేవుణ్ణి నమ్మినవాడికి మిల్లీమోళ్లతో పనేంటి? "ఈ విధమైనది ప్రార్థన వలన, ఉపవాసం వలన తప్ప వదలిపోదు" అని ప్రభువే చెప్పాడు. మందుల మీద నమ్మకం పెట్టుకుంటే స్వస్థత ఎలా వస్తుంది?

పాస్టర్, గుంటూరు జిల్లా:

బ్రదర్, ఆ మాట ఎవరితో చెప్పాడో చూడండి. మార్కు 9లో పిల్లవాడి నుంచి దయ్యాన్ని వెళ్లగొట్టలేకపోయిన శిష్యులు చాటుగా వచ్చి ఎందుకని అడిగితే, వాళ్లకిచ్చిన జవాబది. పిల్లవాణ్ణి పస్తు పెట్టమనలేదు. వాడి తండ్రినీ పెట్టమనలేదు. ఆ వాక్యాన్ని ఎత్తుకున్నా ఉపవాసం ప్రార్థించేవాళ్ల మీద పడుతుంది, జబ్బుతో ఉన్నవాడి మీద కాదు. ఈ సహోదరుడి కోసం మీరూ నేనూ ఉపవాసం ఉందాం, అతను అన్నం తిని బిళ్ల వేసుకోనివ్వండి.

ఏలీయా సంగతి ఇంకా సూటిగా ఉంది. 1 రాజులు 19లో చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దేవదూత మొదట వాక్యం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. లేపి నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి రెండోసారి లేపి తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణం" అన్న మాట అప్పుడు వచ్చింది. హోరేబు కొండ, అక్కడ దేవుడి మెల్లని స్వరం తరవాత సంగతి. మన శుక్రవారం రాత్రి ప్రార్థన దీనికి సరిగ్గా తలకిందులు: తిండి తీసేసి, నిద్ర తీసేసి, స్వరం కోసం కూర్చోబెడతాం. ఆరోగ్యవంతుడికి అది క్రమశిక్షణ కావచ్చు. మనసు జబ్బుతో ఉన్నవాడికి ఏలీయా క్రమమే సరైనది.

జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని యెహోవా చెప్పాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానమూ ఉంది, మందూ ఉంది. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు చెప్పింది అందరికీ తెలుసు. కాబట్టి విశ్వాసమా, బిళ్లా అన్న ప్రశ్నకు వాక్యంలో చోటులేదు.

ఇప్పుడు సంఘపెద్ద గారు అడిగింది. చిన్నబుచ్చకుండా చెప్పాలంటే అతనొక్కడికే చెప్పకండి. మొదటి కూడికలోనే అందరికీ ఒకే ప్రకటన చేయండి: షుగర్, బీపీ, కిడ్నీ, మూర్ఛ, మనసుకు సంబంధించిన మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు నీళ్లు లేని ఉపవాసం చేయకూడదు, వాళ్లకు దానియేలు ఉపవాసం, ఎవరు ఏది చేస్తున్నారని ఎవరూ అడగకూడదు. ఈ చివరిది పెద్దలు నిజంగా పాటించాలి. మన దగ్గర "బ్రదర్, ఎన్ని రోజులు ఉన్నారు?" అన్న పలకరింపు మామూలైపోయింది. దాన్ని ఆపితే సగం ఒత్తిడి పోతుంది. ఎస్తేరు ఉపవాసాన్ని మాత్రం యవ్వనస్థులందరికీ తీసేయమంటాను. ఎండాకాలంలో మూడు రోజులు నీళ్లు లేకపోతే ఏ జబ్బూ లేనివాడికీ ప్రమాదమే. ఒక జాతి ప్రాణాల మీదికి వచ్చిన రోజు ఎస్తేరు చేసినదాన్ని ఏటా జరిగే కార్యక్రమంగా పెట్టుకోమని ఎక్కడా లేదు.

అతనికి పని ఇవ్వండి. సాయంత్రం విరమణ భోజనం వడ్డన, పాటల పుస్తకాలు, ఉదయం ఆరింటి ఆరాధనకు తాళం తీయడం. తనను పక్కన పెట్టలేదని అతనికి మాటల్లోకన్నా పనిలో తెలుస్తుంది.

వాళ్లమ్మగారితో వాక్యాల పోటీ పెట్టుకోకండి. ఆమె భయంలో ఉన్నారు, జీవితాంతం బిళ్లలేనా అన్నది అసలు బాధ. "అమ్మగారూ, బిళ్ల వేసుకునే ముందు మీరిద్దరూ కలిసి ప్రార్థన చేయండి" అని చెప్పండి. యాకోబు 5లో ఉన్నట్టు పెద్దలు ఇంటికి వెళ్లి నూనె రాసి ప్రార్థించండి. అదేరోజు బిళ్లల డబ్బా చూసి ఎన్ని మిగిలాయో లెక్క పెట్టండి. రెండూ పెద్దల పనే.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఈస్టర్ నాడు "బిళ్లలు మానేశాను, స్వస్థత పొందాను" అనే సాక్ష్యాలకు మైకు ఇవ్వకండి. మానేసినవాడికి జబ్బు తిరగబెట్టే వారాలు అవే. అది విని ఇంకో ఇద్దరు మానేస్తారు. ఆ తరవాత తిరగబెట్టినప్పుడు, చెప్పిన సాక్ష్యం అబద్ధమైందన్న సిగ్గుతో సంఘానికి రావడం మానేస్తారు, డాక్టరు దగ్గరికీ వెళ్లరు. అలాగే వాట్సాప్ ప్రార్థన మనవుల్లో పేరు, జబ్బు పేరు కలిపి పెట్టొద్దు. "ఒక సహోదరుడి ఆరోగ్యం కోసం" అంటే చాలు, దేవుడికి చిరునామా తెలుసు.

మెంటల్ హెల్త్ నర్స్, విశాఖ:

పైవాళ్లు ఉపవాసం గురించి బాగా చెప్పారు. నా ఉద్దేశంలో మాత్రం ఈ సహోదరుడికి పెద్ద ప్రమాదం శుక్రవారం రాత్రులు.

బైపోలార్‌లో నిద్ర తగ్గడం లక్షణం మాత్రమే కాదు, కారణం కూడా. ఒక్క రాత్రి పూర్తిగా మేలుకుంటే చాలు, కొందరికి మేనియా మొదలవుతుంది. మొరాకోలోని కాసాబ్లాంకాలో రంజాన్ ఉపవాసం ఉన్న లిథియం రోగులను గమనించిన అధ్యయనం ఒకటుంది. దాదాపు సగం మందికి ఆ నెలలో జబ్బు తిరగబెట్టింది, ఎక్కువగా మేనియా రూపంలో. వాళ్ల రక్తంలో లిథియం స్థాయికీ తిరగబెట్టడానికీ సంబంధం కనిపించలేదు. చిన్న అధ్యయనమే అయినా, రక్తపరీక్ష బాగుంది కదా అని ధైర్యంగా ఉండకూడదని చెప్పడానికి చాలు. వేళలు తప్పడం, నిద్ర చెదరడం వాటంతట అవే దెబ్బ తీయగలవు.

ఆల్‌నైట్‌లో ఇంకోటి జరుగుతుంది, ఇది బయటికి చెప్పరు. ఒలాంజపిన్ వేసుకుంటే కునుకు వస్తుంది. ప్రార్థనలో కునికితే "ఒక్క గడియైనా మేలుకోలేరా" అని ఎవరో ఒకరు అంటారు. అందుకని శుక్రవారం రాత్రి బిళ్లలు మానేస్తారు, శనివారం పగలు పడుకుంటారు, శనివారం రాత్రి నిద్ర రాదు, ఆదివారం ఆరాధనలో హుషారుగా ఉంటారు. ఆ హుషారును అందరూ మెచ్చుకుంటారు. ఇలా రెండు మూడు వారాలు సాగితే ఆసుపత్రే.

కాబట్టి నియమం తేలిక: రాత్రి తొమ్మిదికి బిళ్ల, పదిన్నరలోపు పడక, కనీసం ఏడు గంటల నిద్ర, శుక్రవారమైనా సరే. ప్రార్థనకు ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా రావొచ్చు, అందుకోసం మొదటి భాగాన్ని ముందుకు జరపగలిగితే ముసలివాళ్లకూ పిల్లల తల్లులకూ మేలే. తెల్లవారుజాము ప్రార్థన కూడా నిద్రను కోసేదే కాబట్టి నాలుగింటిది వద్దు, ఆరింటిది సరే. డిసెంబర్‌కు ఇది ఇంకా ముఖ్యం. క్యారల్స్ అర్ధరాత్రి దాకా, క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధన, 31 రాత్రి వాచ్‌నైట్, అన్నీ ఒకే నెలలో.

మేనియా మొదలవుతున్న గుర్తులు కుటుంబానికి రాసివ్వండి: మూడు నాలుగు గంటలు పడుకుని అలసట లేకపోవడం, వరసగా రెండు రాత్రులు, మాట వేగం పెరగడం, అడ్డుపడితే కోపం, రోజుకో కొత్త ప్రణాళిక, అప్పులు, కొనుగోళ్లు, అర్ధరాత్రి అందరికీ వాక్యాలూ వాయిస్ మెసేజ్‌లూ. రెండు రాత్రులు కాగానే డాక్టరుకు ఫోన్ చేయాలి, వారం చూద్దాం అనకూడదు. తొలి రోజుల్లో మందు సర్దితే ఇంట్లోనే ఆగే అవకాశం ఉంది.

కోనసీమ సంఘపెద్ద:

చాలా వందనాలండీ. ప్రకటన అలాగే రాసుకుంటాను. ఇంకొన్ని ఉన్నాయి. అతను కొబ్బరినీళ్లు, నిమ్మరసం తాగుతూ ఉంటాను, అన్నం మానేస్తాను అంటున్నాడు, సరిపోతుందా? మా సంఘంలోనే ఒక సిస్టర్ డిప్రెషన్‌కు ఎస్సిటాలోప్రామ్ 10, ఇంకో పెద్దావిడ నిద్రకు క్లోనజెపామ్ వాడుతున్నారు, వాళ్లకూ ఇవే నియమాలా? ఇంకోటి. దేవుడు నాతో మాట్లాడుతున్నాడు అని మా సంఘంలో చాలామంది అంటారు. ఇతను కూడా అంటే అది జబ్బో కాదో మాకెలా తెలుస్తుంది?

వార్డు ఫార్మసిస్ట్ (సైకియాట్రీ):

కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయిన ఉప్పుకు అది బదులు కాదు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ నయం. బాగా చెమట పట్టిన రోజు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో. ప్యాకెట్ లేకపోతే లీటరుకు ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, స్పూన్ అంచుకు సమంగా కొలిచి. మొత్తానికి నలభై రోజులు అన్నం మానేసి ద్రవాల మీద ఉండటం ఇతనికి వద్దు.

ఎస్సిటాలోప్రామ్ అన్నంతోనైనా, ఖాళీ కడుపుతోనైనా వేసుకోవచ్చు. ఉపవాసం పెద్ద సమస్య కాదు, డిప్రెషన్‌లో తిండి తగ్గి బరువు పోయి ఉంటే మాత్రం ఉపవాసం అసలు వద్దు. ఆమె బిళ్ల ఆపితే రెండు నుంచి నాలుగు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, వికారం, ఏడుపు, నిద్రలేమి రావచ్చు. దాన్ని సంఘంలో శోధన అంటారు, అది మందు ఆపిన ప్రభావం. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆ గడువు డాక్టరు చెబుతారు.

క్లోనజెపామ్ నెలల తరబడి వాడుతుంటే ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఆవిడకు గట్టిగా చెప్పండి.

మనసు జబ్బులకు వేరే మందులు వాడేవాళ్లు కూడా అడుగుతారు కాబట్టి: లురాసిడోన్ కనీసం 350 కేలరీల భోజనంతో, జిప్రాసిడోన్ 500 కేలరీలతో వేసుకోకపోతే ఒంటికి సరిగ్గా పట్టవు. బిళ్ల వేసుకుంటూనే తిరగబెడుతుంది, అది ఎవరికీ అర్థంకాదు. విరమణ భోజనంతోనే వేసుకోవాలి. క్లోజపిన్ 48 గంటలకు మించి మానేస్తే పాత మోతాదుతో మళ్లీ మొదలెట్టకూడదు, 12.5 మి.గ్రా. నుంచి డాక్టరు పెంచుకుంటూ రావాలి. తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ వాడేవాళ్లుంటే ప్రభు రాత్రి భోజనంలో వైన్ ఒక్క గుక్క కూడా వద్దు. ద్రాక్షరసం ఇవ్వండి. చాలా సంఘాల్లో అదే ఇస్తారు, మీ దగ్గర ఏదో చూసుకోండి.

పాస్టర్, గుంటూరు జిల్లా:

దేవుడు మాట్లాడాడు అన్నంత మాత్రాన జబ్బు కాదు. ఆ మాట మీ సంఘమంతా అంటుంది. అతని మాట సంఘం మామూలుగా మాట్లాడే తీరులో ఉందా, దాన్ని దాటిందా అన్నది చూడండి. వాక్యం చదువుతుంటే ఒక మాట హత్తుకుంది అనడం వేరు, ఫ్యాన్ శబ్దంలోంచి తన పేరు పెట్టి పిలుస్తున్నారనడం, టీవీలో ప్రసంగీకుడు తనొక్కడికే రహస్యం పంపుతున్నాడనడం వేరు. నిద్ర ఎలా ఉంది, ఉద్యోగానికి వెళ్తున్నాడా, ఇంట్లో మాట వింటున్నాడా అన్నవి స్వరంకన్నా ఎక్కువ చెబుతాయి.

సేవకు పిలుపు అని ఉద్యోగం మానేస్తానంటే, మూడు నెలలు ఆగి పెద్దలతో ప్రార్థించి నిర్ణయిద్దామనండి. ఒప్పుకుంటే సరే. ఈరోజే రాజీనామా, లేకపోతే దేవుడు శిక్షిస్తాడు అంటే డాక్టరుకు చెప్పండి.

కానుకల గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. మేనియాలో బంగారం తీసి కానుకల సంచిలో వేస్తారు, పొలం రాసిస్తానంటారు. ఖజాంచికి ముందే చెప్పి ఉంచండి: ఇతని దగ్గర్నుంచి మామూలు కానుకకు మించి వస్తే రశీదు రాయకుండా పక్కన పెట్టి ఇంటివాళ్లకు కబురు చేయాలి. నిలకడగా ఉన్న రోజుల్లో మళ్లీ ఇస్తే తీసుకోవచ్చు. అలాంటి కానుకను పుచ్చుకుని ఊరుకున్న సంఘం మీద ఆ కుటుంబానికి నమ్మకం మళ్లీ రాదు.

ఎదురు కూడా గుర్తుపెట్టుకోండి. మేనియా తరవాత దిగులు వస్తుంది. ప్రార్థనలో ఏమీ అనిపించట్లేదు, పరిశుద్ధాత్మను దూషించాను, నాకు క్షమాపణ లేదు అంటారు. అప్పుడు ఆ దూషణ మాట ఉన్న మార్కు 3ను పట్టుకుని వివరించకండి. ఒకసారి సూటిగా చెప్పి, తినిపించి, పక్కన కూర్చోండి. 88వ కీర్తన చదవొచ్చు. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు తగిలించలేదు. అయినా బైబిల్లో ఉంది. ఆ ప్రశ్ననే రోజుకు పదిసార్లు అడుగుతూ, జవాబు చెప్పిన గంటకే మళ్లీ అడుగుతుంటే అది ఓసీడీ (వద్దన్నా ఒకే ఆలోచన తిరిగి తిరిగి వచ్చే జబ్బు) కావచ్చు. అక్కడ ప్రతిసారీ ధైర్యం చెప్పడం వల్ల జబ్బు ముదురుతుంది. డాక్టరుకు పంపండి.

మెంటల్ హెల్త్ నర్స్, విశాఖ:

దిగులులో ఉన్నవాణ్ణి "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందులు ఉంటే తీయించండి, బిళ్లలు ఇంట్లో మందుల మీద నమ్మకమున్నవాళ్ల దగ్గర తాళంలో పెట్టించి ఒక్కో రోజువి ఇప్పించండి. లిథియం ఎక్కువ మింగితే ప్రాణాంతకం, నెల బిళ్లలు అతని చేతిలో ఉండకూడదు. పోలీసు కేసవుతుందని కుటుంబాలు దాస్తాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. అదే చట్టం 95వ సెక్షన్ గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. విడుదల ప్రార్థన (దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన) పేరుతో కట్టేసినా అంతే.

నిలకడగా ఉన్న ఇప్పుడే చేయాల్సిన కాగితం పని ఒకటుంది. జబ్బు ముదిరినప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో అతనే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు, 14వ సెక్షన్ ఆ హక్కు ఇస్తుంది. అమ్మగారికి మందుల మీద నమ్మకం లేదు కాబట్టి ఎవరి పేరు రాయాలో అతన్నే ఆలోచించుకోమనండి. అన్నదమ్ములో, స్నేహితుడో, అతను నమ్మేవాళ్లు ఎవరైనా. దాని జెరాక్స్ డాక్టరు దగ్గర, ఇంకోటి మీ దగ్గర.

డాక్టరు అందనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. అది సలహాకు. తూలుతూ వాంతులు చేసుకుంటుంటే మాత్రం ఫోన్లు పెట్టుకోకుండా 108 పిలిచి దగ్గర్లోని క్యాజువాల్టీకి వెళ్లండి. అతని పర్సులో ఒక చీటీ పెట్టించండి: మందుల పేర్లు, మోతాదులు, చివరి లిథియం స్థాయి, తేదీ, డాక్టరు నంబరు. మందు మారినప్పుడల్లా కొత్త చీటీ రాయాలి, పాతది చించేయాలి.

కోనసీమ సంఘపెద్ద:

ఈ వారమే డాక్టరు దగ్గరికి అతనితోపాటు నేనూ వెళ్తున్నానండీ, అతనే రమ్మన్నాడు. శుక్రవారం కూడికను ఏడింటికి మార్చడానికి అయ్యగారు ఒప్పుకున్నారు. ఎస్తేరు ఉపవాసం మీద యూత్‌తో ఇంకా మాట్లాడాలి, అది అంత తేలిగ్గా తేలేలా లేదు.